ఒక్క అంకె మారితే షీటంతా ఎందుకు ఆగుతుంది?

ఆన్‌లైన్ స్ప్రెడ్‌షీట్‌తో రోజూ పనిచేసేవాళ్లు తరచు అడిగే ప్రశ్న ఇది. మొదట్లో చకచకా నడిచిన గూగుల్ షీట్ ఏడాది తిరిగేసరికి ఒక్క అంకె మార్చినా ఎందుకు మొరాయిస్తుంది? తెర మీద కుడివైపు పైన సన్నటి గీత మెల్లగా నిండుతూ ఉంటుంది. అది నిండేదాకా లెక్కలు తేలవు. డేటా ఎక్కువైపోయింది కాబట్టి ఇంతే అని కొందరు సర్దుకుంటారు. నెట్ బాగాలేదనో, కంప్యూటర్ పాతబడిందనో మరికొందరు అనుకుంటారు. ఈ మూడు మాటల్లోనూ కొంత నిజం ఉంది. కానీ యాభై వేల వరుసల షీట్ ఇట్టే తెరుచుకోవడం, ఐదు వేల వరుసలది నిమిషంపాటు కదలకపోవడం కూడా అదే కంప్యూటర్ మీద, అదే నెట్‌తో జరుగుతుంటుంది. తేడా గడుల సంఖ్యలో కన్నా ఆ గడుల చేత చేయిస్తున్న పనిలో ఎక్కువగా ఉంటుంది.

గూగుల్ షీట్స్ ఒక ఫైలులో కోటి గడుల దాకా ఒప్పుకుంటుంది. 2022 దాకా ఆ హద్దు యాభై లక్షలే. కొత్తగా ఒక షీట్ తెరిస్తే అందులో 1,000 వరుసలు, 26 కాలమ్‌లు, అంటే 26 వేల గడులు సిద్ధంగా ఉంటాయి. ఇక ఒక మాదిరి పెద్ద షీట్ ఎలా ఉంటుందో చూడాలంటే గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ వ్యాపారి లెక్కలను ఊహించుకోవచ్చు. ఒక్కో లాటుకు ఒక్కో వరుస. అందులో తేదీ, లాట్ నంబరు, రైతు కోడ్, తేజానో బాడిగో రకం, టిక్కీల (బస్తాల) సంఖ్య, తూకం, క్వింటా ధర, విలువ, కమీషన్, కూలీ, రైతుకు చెల్లించాల్సింది, చెల్లించింది, ఇలా ఇరవై కాలమ్‌లు. కొన్ని సీజన్లు గడిచేసరికి యాభై వేల లాట్లు చేరాయనుకుంటే మొత్తం పది లక్షల గడులు. అది హద్దులో పదోవంతు మాత్రమే. అయినా ఆ షీట్ కదలకుండా పోవచ్చు. ఈ అధ్యాయం మొత్తం ఆ షీట్ చుట్టూనే నడుస్తుంది.

గడుల మధ్య అల్లిక

స్ప్రెడ్‌షీట్‌లో ప్రతి గడిలోనూ ఒక విలువ ఉంటుంది, లేదా ఆ విలువను రాబట్టే ఫార్ములా ఉంటుంది. తూకాన్ని క్వింటా ధరతో హెచ్చిస్తే లాట్ విలువ వస్తుంది. విలువ నుంచి కమీషన్ వస్తుంది. ఆ రెండింటి నుంచి రైతుకు ఇవ్వాల్సింది వస్తుంది. ఆ మొత్తాలు రైతు ఖాతాలోకి, ఖాతాలన్నీ కలిసి సీజన్ మొత్తంలోకి వెళతాయి. అంటే తూకం గడిలో ఒక అంకె దిద్దితే దాని కింద ఒక గొలుసు కదులుతుంది. ఏ గడి దేని మీద ఆధారపడిందో చెప్పే ఈ అల్లికను ప్రోగ్రామ్ లోపల గుర్తుపెట్టుకుంటుంది. షీట్ తెర మీద కనిపించేది గళ్ల కాగితంలా ఉన్నా, లోపల ఉన్నది ఈ ఆధారాల అల్లికే.

ఈ సంగతి మొదటి నుంచీ ఇలా లేదు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో చదువుతుండగా 1978లో డాన్ బ్రిక్లిన్‌కు వచ్చిన ఆలోచనను బాబ్ ఫ్రాంక్‌స్టన్ ప్రోగ్రామ్‌గా రాస్తే, 1979లో ఆపిల్ 2 కంప్యూటర్ కోసం విసికాల్క్ అనే స్ప్రెడ్‌షీట్ వెలువడింది. దానిలో 63 కాలమ్‌లు, 254 వరుసలు, మొత్తం 16,002 గడులు. అది గడులను ఒక మూల నుంచి మొదలుపెట్టి వరుస వెంట వరుసగానో, కాలమ్ వెంట కాలమ్‌గానో లెక్కించుకుంటూ పోయేది. పై గడి ఒకటి కింది గడి మీద ఆధారపడి ఉంటే మొదటి విడతలో తప్పు సమాధానం నిలిచేది. సరైనది రావాలంటే మళ్లీ లెక్కించమని వాడేవాళ్లే చెప్పాలి. గడులను వాటి ఆధారాల క్రమంలోనే లెక్కించాలన్న పద్ధతిని రెనే పార్డో, రెమీ లాండావ్ అనే ఇద్దరు 1969లోనే లాన్‌పార్ అనే ప్రోగ్రామ్‌లో పెట్టారు. అది పెద్ద కంప్యూటర్ల మీద నడిచేది. ఇళ్లలో, దుకాణాల్లో వాడే కంప్యూటర్లకు ఆ పద్ధతి 1983లో వచ్చిన లోటస్ 1-2-3తో బాగా చేరువైంది. 1985లో మాకింతోష్ కోసం వచ్చిన ఎక్సెల్ ఇంకో మెట్టు ఎక్కింది. మొత్తం షీట్‌ను కాకుండా, మారిన గడి మీద ఆధారపడినవాటినే మళ్లీ లెక్కించడం అక్కడి నుంచి వాడుకలో స్థిరపడింది.

ఈనాటి ఆన్‌లైన్ షీట్లూ ఇదే దారిలో నడుస్తాయి. ఒక గడి మారగానే ప్రోగ్రామ్ ఆ అల్లికను పట్టుకుని ముందుకు వెళ్లి, దాని మీద ఆధారపడిన ప్రతి గడికీ పాతబడిందని గుర్తు పెడుతుంది. తర్వాత ఏది ముందు తేలాలో ఏది తర్వాత తేలాలో క్రమం కట్టి, ఒక్కొక్కదాన్నే కొత్తగా లెక్కిస్తుంది. గొలుసు తిరిగి మొదటికే వచ్చి కలిస్తే ఆ క్రమం కట్టడం కుదరదు. అప్పుడే వలయం ఏర్పడిందని తప్పు చూపిస్తుంది.

కాబట్టి నెమ్మదికి కారణాలను రెండు చోట్ల వెతకాలి. ఒక మార్పు ఎన్ని గడులను లేపుతోంది అన్నది ఒకటి, లేచిన ఒక్కో గడి ఎన్ని గడులను తడిమి చూస్తోంది అన్నది రెండోది. ఈ రెండూ ఒకదానితో ఒకటి హెచ్చవుతాయి. పది వేల గడులు లేచి ఒక్కోటి రెండు గడులను చూస్తే ఇరవై వేల పనులు. అవే పది వేల గడులు ఒక్కోటి పది వేల గడులను చూస్తే పది కోట్లు. షీట్ రెండింతలు పెరిగితే పని నాలుగింతలు కావడం ఈ రెండో రకంలో జరుగుతుంది. ఏడాది కిందట బాగానే ఉన్న షీట్ ఉన్నట్టుండి కూలబడినట్టు అనిపించేది ఇందుకే.

మొదటి పేజీ నుంచి కూడే గుమాస్తా

పాతకాలపు చిట్టా పుస్తకంలో గుమాస్తా పేజీ చివర మొత్తం వేసి, ఆ అంకెను తర్వాతి పేజీ తలమీద రాసుకునేవాడు. అక్కడి నుంచి కొత్త పద్దులు కలుపుకుంటూ పోయేవాడు. రెండు వందల పేజీల పుస్తకమైనా కొత్త పద్దు రాసినప్పుడు అతను చేసే కూడిక ఒక్కటే. ప్రతి పద్దు దగ్గరా పుస్తకం మొదటి పేజీ తిప్పి, అక్కడి నుంచి ఇక్కడి దాకా అన్నిటినీ మళ్లీ కూడే గుమాస్తాను ఏ షావుకారూ పనిలో ఉంచుకోడు. షీట్లలో మాత్రం అలాంటి గుమాస్తాలు వేల సంఖ్యలో ఉంటారు.

మిర్చి లెక్కల్లో ప్రతి లాటు పక్కనా అప్పటిదాకా అయిన మొత్తం చూపించాలనుకుంటే, చాలామంది రాసే ఫార్ములా "మొదటి లాటు నుంచి ఈ లాటు దాకా కూడు" అని ఉంటుంది. పదో వరుసలో అది పది గడులను చూస్తుంది, యాభై వేలవ వరుసలో యాభై వేల గడులను చూస్తుంది. మొత్తం కాలమ్ తేలాలంటే సుమారు 125 కోట్ల గడులను తడమాలి. అదే ఫార్ములాను "పై గడిలోని మొత్తానికి ఈ లాటు విలువ కలుపు" అని మారిస్తే యాభై వేల కూడికలతో సరిపోతుంది. సమాధానాలు పైసా తేడా లేకుండా అవే. పని ఇరవై అయిదు వేల వంతుకు తగ్గింది. ఇలాంటి మార్పు చేతిలో ఉండగా కొత్త కంప్యూటర్ కొనాలని ఆలోచించడం వృథా ఖర్చు.

ఈ గొలుసు పద్ధతికి ఒక పరిమితి ఉంది. మొదటి వరుసలో అంకె దిద్దితే కింద యాభై వేల గడులూ ఒకదాని తర్వాత ఒకటి కదలాల్సిందే, మధ్యలో దేన్నీ దాటవేయడానికి లేదు. కానీ పాత పద్ధతిలోనూ అవన్నీ కదిలేవే, పైగా ఒక్కోటి వేల గడులను మోసుకుంటూ. ఇక చివర కొత్త లాటు చేర్చినప్పుడు, అంటే రోజూ జరిగే పనిలో, గొలుసు పద్ధతికి ఒక్క కూడిక చాలు.

రైతువారీ మొత్తాల దగ్గర ఇదే జబ్బు ఇంకో రూపంలో కనిపిస్తుంది. నాలుగు వేల మంది రైతులు ఉన్నారనుకుంటే, ప్రతి రైతు పేరు పక్కనా ఒక సమ్‌ఇఫ్ ఫార్ములా పెడతారు. అది ఆ రైతు కోడ్ ఉన్న లాట్లను మాత్రమే ఏరి కూడుతుంది. ఏరడానికి మాత్రం యాభై వేల వరుసలనూ చూడాలి. నాలుగు వేల సార్లు యాభై వేలు, అంటే ఇరవై కోట్ల పోలికలు. ఏ ఒక్క లాటు విలువ మారినా ఆ కాలమ్ మీద ఆధారపడిన నాలుగు వేల ఫార్ములాలూ పాతబడతాయి. పివట్ టేబులో, గుంపులుగా కూడే క్వెరీ ఫార్ములానో అయితే యాభై వేల వరుసల మీదుగా ఒక్కసారి నడుస్తూ, ఎదురైన ప్రతి లాటునూ దాని రైతు ఖాతాలో పడేసుకుంటూ పోగలదు. నాలుగు వేల ప్రశ్నలకు ఒకే నడకలో జవాబు దొరుకుతుంది. షీట్లను వేగం చేసే ఉపాయాల్లో సామాన్యులకు ఎక్కువ ఫలితమిచ్చేది ఇదేనని చెప్పవచ్చు. వేరువేరుగా అడిగిన వేల ప్రశ్నలను ఒక్క ప్రశ్నగా మార్చగలిగితే చాలా షీట్లు వెంటనే తేరుకుంటాయి.

ఒక ఫార్ములా అవసరానికి మించి ఎంత దూరం చూస్తోందన్నదీ గమనించాలి. "ఈ కాలమ్ మొత్తం" అని రాస్తే రాయడం తేలిక, కొత్త వరుసలు చేరినా మళ్లీ దిద్దనక్కరలేదు. కానీ షీట్ కింద ముప్ఫై వేల ఖాళీ వరుసలు ఉంటే అవీ ఆ పరిధిలోకి వస్తాయి. ఖాళీ గడులు కోటి గడుల హద్దులో కూడా లెక్కకు వస్తాయి. డేటా ఉన్నంతవరకే పరిధి ఇవ్వడం, అక్కరలేని ఖాళీ వరుసలను, కుడివైపు ఖాళీ కాలమ్‌లను తొలగించడం పది నిమిషాల పని.

వెతుకులాట ఖర్చు

పెద్ద షీట్లలో కూడికల కన్నా వెతుకులాటకే ఎక్కువ సమయం పోతుంది. లాటు వరుసలో రైతు కోడ్ మాత్రమే ఉంటుంది. అతని పేరు, ఊరు, బ్యాంకు ఖాతా వేరే షీట్‌లో ఉన్న రైతుల జాబితా నుంచి రావాలి. అందుకు వీలుకప్ ఫార్ములా వాడతారు. జాబితా ఏ క్రమంలో ఉందో తెలియనప్పుడు కచ్చితమైన కోడ్ కోసం వెతకడానికి సూటి మార్గం పై నుంచి ఒక్కొక్కటే చూసుకుంటూ పోవడం. నాలుగు వేల పేర్లలో సగటున రెండు వేలు చూశాక కావాల్సింది దొరుకుతుంది. యాభై వేల లాట్లకు అది పది కోట్ల పోలికలు. పేరుకు ఒకటి, ఊరుకు ఒకటి, ఖాతాకు ఒకటి చొప్పున మూడు వీలుకప్‌లు పెడితే ముప్ఫై కోట్లు. మూడింటిలోనూ వెతికింది ఒకే రైతును. దొరికిన చోటూ ఒకటే.

దీనికి మొదటి మందు వెతకడాన్ని, తెచ్చుకోవడాన్ని విడదీయడం. మ్యాచ్ ఫార్ములా ఆ కోడ్ జాబితాలో ఎన్నో వరుసలో ఉందో చెబుతుంది. దాన్ని ఒక అదనపు కాలమ్‌లో పెట్టుకుంటే, ఇండెక్స్ ఫార్ములాలు ఆ వరుస సంఖ్యను తీసుకుని నేరుగా పేరునూ ఊరినీ ఖాతానూ పట్టుకొస్తాయి. వాటికి వెతికే పని లేదు. ఒక కాలమ్ పెరిగినా పని మూడోవంతుకు దిగుతుంది. గడులు పెరిగితే షీట్ నెమ్మదిస్తుందనే నమ్మకం ఎంత తప్పో ఇక్కడ తేటగా కనిపిస్తుంది.

రెండో మందు ఇంకా బలమైనది. రైతుల జాబితాను కోడ్ వారీగా క్రమంలో పెడితే సగం సగం వెతుకులాట సాధ్యమవుతుంది. నడిమధ్య ఉన్న కోడ్‌ను చూసి, కావాల్సింది దానికన్నా పెద్దదైతే పై సగాన్ని, చిన్నదైతే కింది సగాన్ని వదిలేయాలి. మిగిలిన సగంలో మళ్లీ నడిమధ్య చూడాలి. నాలుగు వేల పేర్లు ఇలా పన్నెండు చూపుల్లో ఒక్కటికి దిగుతాయి. పది లక్షల పేర్లు ఉన్నా ఇరవై చూపులు చాలు. పది కోట్ల పోలికలు ఆరు లక్షలకు పడిపోతాయి. వీలుకప్ చివరి భాగంలో జాబితా క్రమంలో ఉందని చెబితే ప్రోగ్రామ్ క్రమాన్ని నమ్ముకుని వెతుకుతుంది.

ఈ రెండో మందులో ప్రమాదం ఉంది, దాన్ని తెలుసుకోకుండా వాడకూడదు. క్రమంలో ఉందని చెప్పి ఒక రైతు కోడ్‌ను తప్పు చోట ఉంచితే షీట్ హెచ్చరించదు, తప్పు సమాధానం ఇస్తుంది. అసలు జాబితాలో లేని కోడ్ అడిగినా, లేదని చెప్పకుండా దానికన్నా చిన్నదైన దగ్గరి కోడ్‌ను పట్టుకొస్తుంది. ఒకరి డబ్బు ఇంకొకరి ఖాతాలో చూపించే తప్పు అది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు రెండు వెతుకులాటలు పెడతారు. మొదటిది కోడ్‌నే తిరిగి తెప్పించి అడిగిన కోడ్‌తో సరిచూస్తుంది. సరిపోతేనే రెండోది పేరు తెస్తుంది. రెండు కలిపినా ఇరవై నాలుగు చూపులే. వేగం కోసం సరిచూసుకోవడాన్ని వదులుకోవాల్సిన పని లేదు.

ప్రోగ్రాములు రాసేవాళ్లు కూడా ఈ భారాన్ని తమ వైపు నుంచి తగ్గిస్తూ వస్తున్నారు. 2018 తర్వాతి ఎక్సెల్‌లో ఒకే జాబితాలో పదేపదే వెతుకుతున్నప్పుడు లోపల ఒక సూచిక తయారుచేసుకుని వాడుకునే ఏర్పాటు వచ్చింది. అయినా ఒకసారి వెతికిన దాన్ని మూడుసార్లు వెతికించకపోవడం ఏ ప్రోగ్రామ్‌లోనైనా మేలు చేసే అలవాటే.

ఊరికే లేచే గడులు

కొన్ని ఫార్ములాలు ఏ గడి మీదా ఆధారపడవు, అయినా వాటి విలువ మారిపోతూ ఉంటుంది. ఈ రోజు తేదీని ఇచ్చే టుడే, ఈ క్షణాన్ని ఇచ్చే నౌ, ఏదో ఒక అంకెను ఇచ్చే రాండ్ ఇలాంటివి. వీటిని నిలకడలేని ఫార్ములాలు అనవచ్చు. వాటి విలువ ఎప్పుడు మారిందో అల్లికను చూసి చెప్పడం కుదరదు గనుక, షీట్‌లో ఎక్కడ ఏ మార్పు జరిగినా ప్రోగ్రామ్ వీటిని మళ్లీ లెక్కిస్తుంది. ఎక్సెల్‌లో ఆఫ్‌సెట్, ఇండైరెక్ట్ కూడా ఈ కోవలోవే. అసలు నష్టం ఆ ఒక్క గడితో ఆగదు. దాని మీద ఆధారపడినవన్నీ దానితోపాటు లేస్తాయి.

రైతుకు డబ్బు చెల్లించకుండా ఎన్ని రోజులైంది అని ప్రతి లాటు పక్కనా చూపించడం మంచి ఆలోచన. బకాయి ఎంత పాతబడిందో రైతు పక్షాన గుర్తుచేసే కాలమ్ అది. కానీ యాభై వేల వరుసల్లో యాభై వేల టుడేలు పెడితే, కూలీ కాలమ్‌లో పది రూపాయలు దిద్దినప్పుడు కూడా ఆ కాలమంతా కదలవచ్చు. తేదీని ఒక్క గడిలో ఉంచి మిగతా అన్నీ దానివైపు చూసేలా చేయడం కొంత నయం. అంతకన్నా మేలైనది పొద్దున్నే ఆ గడిలో తేదీని అంకెగానే వేయడం. కంట్రోల్ కీతో కలిపి సెమికోలన్ నొక్కితే ఆ రోజు తేదీ స్థిరమైన విలువగా పడుతుంది. అది మళ్లీ మర్నాటి దాకా కదలదు. చెల్లింపు పూర్తయిన లాట్లకు రోజుల లెక్కే అక్కరలేదు. మిగిలినవాటికే ఫార్ములా ఉంచితే యాభై వేలు కొన్ని వందలకు దిగవచ్చు.

గూగుల్ షీట్స్‌లో ఫైల్ సెట్టింగుల కింద లెక్కింపు ఎప్పుడు జరగాలో చెప్పే చోటు ఉంది. మార్పు జరిగినప్పుడు మాత్రమే, లేదా మార్పుతోపాటు ప్రతి నిమిషానికీ, లేదా ప్రతి గంటకూ అని ఎంచుకోవచ్చు. పెద్ద షీట్‌లో ఎవరో ఎప్పుడో నిమిషానికోసారి అని పెట్టి మరచిపోయి ఉండవచ్చు.

రంగుల నియమాలూ ఇలాంటివే. బకాయి ముప్ఫై రోజులు దాటితే వరుస ఎర్రబడాలని ఒక నియమం పెడితే, అది వరుస వరుసకూ నడిచే కనిపించని ఫార్ములా. అతికించేటప్పుడు ఇలాంటి నియమాలు ముక్కలు ముక్కలుగా పెరిగిపోతాయి. అప్పుడప్పుడు ఆ జాబితా తెరిచి పాతవి తీసేయాలి.

ముగిసిన సీజన్ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మూడేళ్ల కిందటి లాటు విలువ ఇక మారదు. తూకం అయిపోయింది, డబ్బు చేతులు మారింది. అయినా ఆ వరుసలో ఫార్ములాలు అలాగే ఉంటే, జాబితాలో ఒక పేరు దిద్దినప్పుడల్లా అవీ లేస్తాయి. అలాంటి వరుసలను కాపీ చేసి విలువలుగా మాత్రమే అతికిస్తే, గూగుల్ షీట్స్‌లో కంట్రోల్, షిఫ్ట్, వి కలిపి నొక్కితే, ఫార్ములాలు పోయి అంకెలు మిగులుతాయి. ఇది వెనక్కి తీసుకోలేని మార్పుగా భావించి, ముందు ఫైలుకు ఒక నకలు తీసి భద్రపరచుకోవాలి.

లెక్క జరిగే చోటు

ఆన్‌లైన్ షీట్ అనగానే లెక్కలన్నీ ఎక్కడో దూరపు కంప్యూటర్లలో జరుగుతాయని చాలామంది అనుకుంటారు. 2006లో గూగుల్ షీట్స్ మొదలైనప్పుడు అదే నిజం. జావా భాషలో రాసిన లెక్కింపు యంత్రం గూగుల్ సర్వర్లలో నడిచేది. 2013 నుంచి అది వాడేవాళ్ల బ్రౌజర్‌లోకి మారింది. ప్రతి అంకెకూ సర్వర్ దాకా వెళ్లి రావడం తప్పించడంలో న్యాయం ఉంది. గాజు తంతువులో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా నేరుగా కొలిచినా 13 వేల కిలోమీటర్ల పైమాటే. అంత దూరపు సర్వర్‌తో మాట్లాడాల్సి వస్తే పోయి రావడానికే సెకనులో దాదాపు ఎనిమిదో వంతు పడుతుంది. తంతువులు తిన్నగా వేసి ఉండవు గనుక నిజానికి ఇంకా ఎక్కువ.

బ్రౌజర్‌లోకి రావడానికి ఆ జావా ప్రోగ్రామ్‌ను జావాస్క్రిప్ట్‌లోకి మార్చారు. జావాస్క్రిప్ట్ వెబ్ పేజీల కోసం పుట్టిన భాష. భారీ లెక్కల్లో అది మూల జావా కన్నా మూడింతలకు పైగా నెమ్మదిగా నడిచేది. ఇటీవల బ్రౌజర్లలో వాస్మ్ జీసీ అనే కొత్త ఏర్పాటు వచ్చింది. జావాలాంటి భాషల ప్రోగ్రాములను యంత్రానికి దగ్గరి రూపంలో బ్రౌజర్ లోపలే నడిపించడానికి అది వీలు కల్పిస్తుంది. గూగుల్ ఇంజనీర్లు మొదట మార్చి చూసినప్పుడు అది జావాస్క్రిప్ట్ కన్నా రెండింతలు నెమ్మదిగా నడిచింది. పట్టు వదలకుండా సవరించుకుంటూ పోయి, 2024 నాటికి పాత జావాస్క్రిప్ట్ కన్నా సుమారు రెండింతలు వేగంగా నడిచేలా చేశారు. వాడేవాళ్లు చేయాల్సింది ఏమీ లేదు, బ్రౌజర్ కొత్త వెర్షన్‌లో ఉంటే చాలు.

ఇందువల్ల రెండు సంగతులు తేలుతున్నాయి. షీట్ వేగం వాడేవాళ్ల కంప్యూటర్ మీద, దానిలో మిగిలి ఉన్న మెమరీ మీద నిజంగానే ఆధారపడుతుంది. ముప్ఫై ట్యాబులు తెరిచి ఉన్న బ్రౌజర్‌లో పెద్ద షీట్ ఇబ్బంది పడుతుంది, చవక ఫోన్‌లో ఇంకా ఇబ్బంది పడుతుంది. అలాగే, నెట్ బాగాలేకపోతే తెరుచుకోవడం, భద్రపరచడం నెమ్మదిస్తాయి గానీ మామూలు కూడికలు, వెతుకులాటలు నెమ్మదించవు.

సర్వర్ దారి పట్టక తప్పని ఫార్ములాలు కొన్ని ఉన్నాయి. ఇంకో ఫైలు నుంచి డేటా తెచ్చే ఇంపోర్ట్‌రేంజ్ వాటిలో ముఖ్యమైనది. ఆ ఫైలు కూడా ఇంకో ఫైలు నుంచి తెచ్చుకుంటుంటే, అదీ మరోదాని నుంచి తెచ్చుకుంటుంటే, చివరిది తేలేదాకా మొదటిది ఎదురుచూస్తుంది. తెరిచి ఉంచిన షీట్‌లో ఇంపోర్ట్‌రేంజ్, వెబ్ పేజీల నుంచి తెచ్చేవి కొంత వ్యవధికోసారి వాటంతటవే తాజా అవుతాయి. యాభై వేల లాట్లను పూర్తిగా తెచ్చుకుని ఇక్కడ కూడటం కన్నా, లాట్లు ఉన్న ఫైలులోనే రైతువారీ మొత్తాలు వేసి ఆ చిన్న పట్టికను మాత్రమే తెచ్చుకోవడం ఎంతో తేలిక.

షీట్ మీద పనిచేసే చిన్న ప్రోగ్రాములు, అంటే ఆప్స్ స్క్రిప్టులు, రాసేవాళ్లకు ఈ రాకపోకల ఖర్చు ఇంకా బాగా తెలుస్తుంది. వంద వరుసలు, వంద కాలమ్‌ల చోట ఒక్కో గడికి విడివిడిగా రంగు వేసే స్క్రిప్టుకు సుమారు 70 సెకన్లు పట్టిందని, రంగులన్నీ ముందే సిద్ధం చేసుకుని ఒకేసారి అప్పగిస్తే ఒక్క సెకనులో పూర్తయిందని గూగుల్ తన మార్గదర్శకాల్లోనే ఉదాహరణ ఇచ్చింది. చదవాల్సినవన్నీ ఒకసారి చదివి, లెక్క చూసుకుని, రాయాల్సినవన్నీ ఒకసారి రాయడమే అందులోని కిటుకు.

ఏ కాలమ్ కారణం?

పది కారణాలు తెలిశాక అన్నిటినీ ఒకేసారి దిద్దబోవడం పొరపాటు. చాలా షీట్లలో భారమంతా ఒకటి రెండు కాలమ్‌ల దగ్గరే ఉంటుంది. వాటిని పట్టుకోవడానికి ఫైలుకు నకలు తీసి, ఆ నకలులోనే ప్రయోగాలు చేయాలి. ముందు మామూలు మార్పు ఒకటి చేసి ఎంతసేపు పట్టిందో గడియారంతో చూసుకోవాలి. తర్వాత ఫార్ములాలున్న కాలమ్‌లలో సగం తీసేసి అదే మార్పు మళ్లీ చేసి చూడాలి. వేగం పుంజుకుంటే కారణం తీసేసిన సగంలో ఉంది, లేకపోతే మిగిలిన సగంలో ఉంది. సగం సగం వెతుకులాట ఇక్కడా పనికొస్తుంది. ఇరవై కాలమ్‌లలో దోషిని అయిదు ప్రయత్నాల్లో పట్టుకోవచ్చు. దొరికాక ఆ ఫార్ములా ఎన్ని వరుసల్లో ఉంది, ఒక్కో వరుసలో ఎన్ని గడులను చూస్తోంది అని హెచ్చించి చూస్తే భారం ఎంతో లెక్క తేలుతుంది.

షీట్ చాలని దశ

ఎంత దిద్దినా కొన్ని పనులు షీట్‌లో ఇమడవు. 2020 అక్టోబరు మొదట్లో ఇంగ్లండ్‌లో జరిగింది ఇందుకు గట్టి సాక్ష్యం. ప్రయోగశాలల నుంచి వచ్చిన కోవిడ్ పరీక్షల ఫలితాలను అక్కడి ప్రజారోగ్య సంస్థ పాత ఎక్సెల్ రూపంలోని ఫైళ్లలోకి ఎక్కించేది. ఆ రూపంలో 65,536 వరుసలకు మించి పట్టవు. ఒక్కో రోగికి అనేక వరుసలు పడేవి. హద్దు దాటిన వరుసలు రాలిపోయాయి. 15,841 మందికి వ్యాధి ఉన్నట్టు తేలినా ఆ సంగతి రోజువారీ లెక్కల్లోకి సకాలంలో చేరలేదు. వాళ్లతో కలిసి తిరిగినవాళ్లను హెచ్చరించడం ఆలస్యమైంది. 2007 నుంచి వచ్చిన ఎక్సెల్ రూపంలో 10,48,576 వరుసలు పడతాయి గానీ, ఆ హద్దు కూడా హద్దే.

లక్షల వరుసలు పోగుపడుతూ ఉండే చోట, పదిమంది ఒకేసారి నమోదు చేసే చోట డేటాబేస్ వాడాలి. డేటాబేస్ రైతు కోడ్ మీద సూచికను శాశ్వతంగా కట్టి ఉంచుకుంటుంది, అందువల్ల ప్రతి వెతుకులాటా కొన్ని చూపుల్లో ముగుస్తుంది. ఒక కాలమ్‌లో తేదీయే ఉండాలి, మరో కాలమ్‌లో అంకెయే ఉండాలి అని కట్టడి చేయగలదు. అడిగినప్పుడే లెక్క కడుతుంది గనుక ఊరికే లేచే గడులు అందులో ఉండవు. షీట్‌ను వదిలేయాల్సిన అవసరమూ లేదు. గూగుల్ షీట్స్‌ను బిగ్‌క్వెరీ అనే డేటాబేస్‌కు కలిపే ఏర్పాటు ఉంది. కోట్ల వరుసలు అక్కడే ఉండి, వాటి మీద వేసిన పివట్ టేబుల్ ఫలితం మాత్రం షీట్‌లోకి వస్తుంది. చిన్న వ్యాపారానికి అంత పెద్దది అక్కరలేదు, ఒక్క కంప్యూటర్‌లో ఇమిడే ఉచిత డేటాబేస్‌లూ ఉన్నాయి. మిర్చి లెక్కల విషయంలో పాత సీజన్ల లాట్లన్నిటినీ అలాంటి చోట భద్రపరచి, నడుస్తున్న సీజన్ లాట్లనూ, రైతుకు ఒక వరుస చొప్పున పాత బకాయిల పట్టికనూ మాత్రమే షీట్‌లో ఉంచితే సరిపోతుంది.